ఎత్యెన్ రాయికి వేసిన సున్నం

అమ్మ పోయిన ఐదో నెలలో గానీ ఆమె క్లాజెట్ తలుపు తీయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కో ఊళ్ళో మా ఇంటి కింది గది ఆమెది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక చివరి తొమ్మిదేళ్ళూ అందులోనే గడిపింది. చీరలు చర్చిలో ఆంటీలకి పంచిపెడదామని ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి నీనా, నేనూ కూచున్నాం. చీరలన్నిటికీ అడుగున ఒక ప్లాస్టిక్ కవరు, అందులో పాత తువ్వాలు, తువ్వాల్లో ఒక కుంచె. జనపనారతో కట్టిన సున్నం కుంచె. పిడి దగ్గర తాడు నల్లబడిపోయింది, నార కొసలు గడ్డకట్టుకుపోయాయి. నీనా దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏంటమ్మా ఇది, అమ్మమ్మ పెయింటింగ్ చేసేదా?" అని అడిగింది. కుంచెని నా చేతిలోకి తీసుకున్నాను. యాభై ఏళ్ళ పైమాట, ఎప్పుడో పారేసి ఉంటుందిలే అనుకున్నాను. పారేయలేదు. ఇల్లు మారినప్పుడల్లా మూటగట్టి వెంట తెచ్చుకుంది, నా కంట మాత్రం పడనివ్వలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సున్నం వాసన ఇంకా ఉంది. ఉందో, ఉందని నేననుకున్నానో చెప్పలేను.

మా అమ్మ పేరు రోజమ్మ. యానాంలో పుట్టింది, ఫ్రెంచివాళ్ళు ఇంకా అక్కడ ఉన్న రోజుల్లో. చిన్న క్లాసులు ఫ్రెంచి బళ్ళో చదివింది, కన్యాస్త్రీల దగ్గర ఫ్రెంచి పాటలు నేర్చుకుంది, తర్వాత కాకినాడలో నర్సు ట్రైనింగ్ అయింది. నాన్న కామెర్లతో పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ తర్వాత అమెరికాలో నర్సులు కావాలంటే అమ్మ అప్లై చేసింది, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. బయల్దేరే ముందురోజు గోదావరి ఒడ్డున ఉన్న సమాధుల దొడ్డిలో నాన్న సమాధికి సున్నం వేసింది. మావైపు కథోలికులు నవంబరు రెండో తారీకున, పోయినవాళ్ళ పండగనాడు, సమాధులన్నీ కడిగి, సున్నం కొట్టి, పేర్లమీద నల్లరంగు దిద్ది, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ ఏడాది పండక్కి తానుండదు గనక నెలన్నర ముందే ఆ పని కానిచ్చేసింది. ఇంటికొచ్చి, ఆ కుంచెని కడిగి ఆరబెట్టి, పెట్టెలో తన తెల్ల యూనిఫాంల మధ్య పెట్టుకుంది. మా మేనత్త చూసి, "అమెరికాలో కుంచెలు దొరకవా ఏంటే?" అని ఎగతాళి చేసింది. అమ్మ పెట్టె మూత వేసేసింది.

మేం వచ్చి పడింది మిస్సోరీలో, సెయింట్ లూయిస్‌కి కింద, మిసిసిపీ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో. పేరు రాయను, నేను చెప్పబోయేవాళ్ళ మనుషులు ఇంకా అక్కడున్నారు. అమెరికా అనే దేశం పుట్టకముందే కెనడా నుంచి పడవల్లో దిగొచ్చిన ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న ఊరది. అక్కడి పాత ఇళ్ళకి దుంగలు అడ్డంగా పేర్చరు, నిలువుగా భూమిలో పాతుతారు. సందుల్లో గడ్డి కలిపిన మట్టి మెత్తి పైన సున్నం కొడతారు, చుట్టూ వసారా వేస్తారు. ఆస్పత్రివాళ్ళు అలాంటి ఒక ఇంట్లో వెనక రెండు గదులు మాకు అద్దెకి చూపించారు. అమ్మ లోపలికి వెళ్ళకుండా వసారాలోనే ఆగి, గోడమీద అరచెయ్యి ఆనించి, "ఇది మన గోడేనే చిట్టీ" అంది. అప్పుడే ఇంటి యజమానురాలు బయటికొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న నల్ల గౌను. పేరు ఓడీల్. అమ్మకి ఇంగ్లీషు కంగారులో అందలేదో ఏమో, "బోఁజూర్, మదాం" అంది. ఆవిడ కాసేపు అమ్మ మొహంలోకి చూసి, పక్కనున్న కుర్చీ పట్టుకుని కూలబడింది. తన చెల్లెలు పోయాక ఆ గుమ్మంలో ఆ మాట అన్నవాళ్ళు లేరని తర్వాత చెప్పింది.

ఆ ఇంట్లో నిండా రెండేళ్ళు కూడా లేం. నా బుర్రలో మాత్రం అది సగం జీవితం. పొద్దున్నే మదాం కాఫీ మరగబెట్టేది, వడగట్టేది కాదు, పొడి అడుక్కి దిగాలని ఒక చెంచాడు చన్నీళ్ళు చల్లేది. పొయ్యిలో కట్టెల వాసన, పందికొవ్వు వాసన, గోడలనుంచి వానాకాలంలో తడిమట్టి వాసన. కొత్త సంవత్సరానికి పిండిని మెలితిప్పి నూనెలో వేయించి పంచదార చల్లేది. అమ్మ మా పీటమీద గవ్వలు చేసిస్తే, రెండూ ఒక పళ్ళెంలో పోసి, ఏది ఎవరిదో చెప్పమని నన్ను అడిగి ఆటపట్టించేది. అమ్మ ఫ్రెంచి బడి ఫ్రెంచి, మదాంది రెండు వందల ఏళ్ళ కిందట పడవ దిగి అక్కడే ఆగిపోయిన ఫ్రెంచి. సగం మాటలు కలిసేవి కావు, చేతులతో నెట్టుకొచ్చేవారు. రోజమ్మ అనడం రాక మదాం అమ్మని రోజలీన్ అనేది. సాయంత్రం డ్యూటీ దిగి అమ్మ వసారాలో బియ్యం ఏరుకుంటుంటే మదాం పక్కన బీన్స్ ఒలుచుకుంటూ కూచునేది. "మేం ఎక్కడికీ కదల్లేదు. దేశాలే వచ్చి పోయాయి" అనేది. ముందు ఫ్రాన్సు, తర్వాత స్పెయిను, మళ్ళీ ఫ్రాన్సు, ఆనక ఎవరో దొర కాగితంమీద సంతకం పెట్టి అమ్మేస్తే అమెరికా. అమ్మ తలూపి, "మాకూ అంతే మదాం, నేను బడికెళ్ళే రోజుల్లో ఒకనాడు పొద్దున లేచేసరికి జెండా మారింది" అనేది. ఇద్దరూ దాని గురించి ఏడ్చింది లేదు, నవ్విందీ లేదు. బియ్యం, బీన్స్ అయ్యేదాకా కూచుని లేచేవారు.

మదాం కళ్ళకి పొరలు కమ్ముతున్నాయి. ఆపరేషన్ చేయించుకోమని అమ్మ పోరు పెట్టేది, ఆవిడ వినేది కాదు. ఆదివారం పూజ అయ్యాక, అమ్మ డ్యూటీకి వెళ్ళిపోతే, నా భుజం పట్టుకుని గుడి వెనక సమాధుల దొడ్డికి నడిచేది. అక్కడ వాళ్ళ వంశంలో మొదట పడవ దిగిన ఎత్యెన్ రాయి ఉంది. మోకాలెత్తు సున్నపురాయి పలక, వానకీ మంచుకీ అరిగి నున్నగా అయిపోయింది. కళ్ళకి అందులో ఏమీ కనపడదు. మదాం మాత్రం గ్లౌజు తీసి, చూపుడువేలు పైన ఆనించి, ఎడమనుంచి కుడికి మెల్లగా జరుపుతూ పేరంతా చదివేది. తర్వాత నా వేలు పట్టుకుని అదే దారిలో నడిపించేది. చల్లటి రాతిలో సన్నటి గాడి వేలికి తగిలేది, ఆగేది, మళ్ళీ తగిలేది. గుడి రిజిస్టరు ఏదో వరదలో పోయిందట, ఆయన పేరు రాసున్నది ఇక ఈ రాయి ఒక్కటేనట. "కళ్ళు పోయినా నాకిది చాలు" అనేది. దొడ్డి వెనక మూల రాళ్ళు లేని గడ్డినేల ఒకటుండేది. అక్కడెవరని నేనొకసారి అడిగితే, "మావాళ్ళు కారు" అని నన్ను ముందుకు నడిపించేసింది.

మొదటి ఏడాది నవంబరులో అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాన్న సమాధికి సున్నం వేసేవాళ్ళెవరు, మేనత్త వేస్తుందా, గడ్డి పీకుతుందా అని తనలో తనే గొణుక్కుంది. రెండో ఏడు ఆమెకొక ఆలోచన వచ్చింది. మదాం వాళ్ళు ఒకటో తారీకున, సకల పరిశుద్ధుల పండగనాడు, పూజయ్యాక సమాధుల దగ్గరికి వెళ్తారు. ఆ ముందురోజు సాయంత్రం తాను వెళ్ళి ఎత్యెన్ రాయికి సున్నం వేసి పెడితే, పొద్దున ఆవిడ వచ్చి చూసుకుని సంతోషిస్తుందని. "మన వాళ్ళకి వేయలేకపోతే వాళ్ళ వాళ్ళకైనా వేద్దాం. ఆ పుణ్యం ఎవరికి చేరాలో దేవుడు చూసుకుంటాడు" అంది. పశువుల దాణా అమ్మే కొట్లో సున్నం దొరికింది. రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడగట్టి, గంజీ ఉప్పూ కలిపి, బట్టలకి వాడే నీలం ఒక చుక్క వేసింది. పెట్టెలోంచి కుంచె తీసి నీళ్ళలో నాననిచ్చింది. అమెరికా వచ్చాక ఆమె హుషారుగా ఉండగా నేను చూసింది ఆ ఒక్కరోజే.

ఆ రోజే హాలోవీన్, పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకి తిరిగే రోజు. నన్ను క్లాసులో పిల్లలు వాళ్ళతో రమ్మని పిలిచింది అదే మొదటిసారి. అట్టతో చేసిన కిరీటం పెట్టుకుని, అమ్మ పాత పట్టుచీర గౌనులా చుట్టుకుని, ఐదింటికల్లా వీధి మొదట్లో ఉండాలి. అమ్మేమో బకెట్టు మోయడానికి నన్ను లాక్కెళ్ళింది. దొడ్డిలోకి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. అమ్మ రాయిని బ్రష్షుతో రుద్ది కడిగి, కొంగుతో తుడిచి, మొహం దగ్గరగా పెట్టి చూసింది. మావైపు పేరున్న చోట సున్నం పడనివ్వరు, అక్షరాల చుట్టూ సన్నగా తిప్పుకుంటూ వేస్తారు. దానికి గంట పడుతుంది. "మీద రాతలేమైనా ఉన్నాయేమో చూడవే చిట్టీ, నాకు ఆనట్లేదు" అంది. నాకు చూడక్కర్లేదు. నా వేలికి తెలుసు, ఏ అక్షరం ఎక్కడ మొదలవుతుందో కూడా తెలుసు. వీధిలోంచి పిల్లల గోల వినిపిస్తోంది. "ఏం లేవమ్మా, ఉత్త రాయి" అన్నాను. అమ్మ కుంచె ముంచింది. రెండు పూతలు, పైనుంచి కిందికి ఒకసారి, అడ్డంగా ఒకసారి. పావుగంటలో పని అయిపోయింది. నేను పరిగెత్తాను. ఆ సాయంత్రం దొరికిన చాక్లెట్లు ఎన్నో, ఏవో నాకు గుర్తులేదు.

మర్నాడు పూజ నుంచి అమ్మే మదాం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తెల్లగా ఏదో ఉన్నట్టు దూరంనుంచి ఆవిడ కళ్ళకి ఆనింది. గ్లౌజు తీసింది. వేలు రాయికి ఆనించి ఎడమనుంచి కుడికి జరిపింది. మళ్ళీ ఎడమకి వచ్చి మళ్ళీ జరిపింది. వేలి కొనకి సున్నం అంటుకుంది, దాన్ని బొటనవేలితో రుద్దుకుని చూసుకుంది. "పేరు ఏది, రోజలీన్?" అంది, కోపం లేకుండా, దారి అడిగినట్టు. అమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మదాం చెయ్యి వదిలేసింది. ఇంటికి పరిగెత్తి వెనిగర్ సీసా తెచ్చింది. నర్సు కదా, ఏ మరక దేనితో పోతుందో తనకి తెలుసని ధీమా. మదాం వద్దంటున్నా వినకుండా మోకాళ్ళమీద కూచుని రుద్దింది. సున్నం నురగొచ్చి పోయింది. సున్నంతో పాటు సున్నపురాయి పైపొర కూడా పోతుందని ఆమెకేం తెలుసు. కడిగి తుడిచాక మదాం మళ్ళీ వేలు పెట్టింది. ఈసారి చాలాసేపు వెతికింది. తర్వాత గ్లౌజు తొడుక్కుంది.

అమ్మ నా వైపు తిరిగి, తెలుగులో, "నువ్వు చూశావు కదే?" అంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. "మసక పడిందమ్మా, నాకూ కనపళ్ళేదు" అన్నాను. నమ్మింది. కన్నకూతురు ఎందుకు అబద్ధం చెబుతుందని అనుకుని ఉంటుంది. మదాంతో, "తప్పు నాదే. నా చేత్తో మీ పెద్దాయన్ని చెరిపేశాను" అంది. ఆవిడ అమ్మ భుజం తట్టింది, పొమ్మనలేదు, ఒక్కమాట అనలేదు. అదే అమ్మకి భరించరానిదైంది. తిట్టినా బాగుండేది. సాయంత్రాలు వసారాలోకి రావడం మానేసింది, బియ్యం గదిలోనే తలుపేసుకుని ఏరుకునేది. క్రిస్మస్ వెళ్ళగానే సెయింట్ లూయిస్‌లో పెద్దాస్పత్రికి మారిపోయింది. మేం కారెక్కేటప్పుడు మదాం కాగితం సంచీలో వేయించిన పిండివంట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అమ్మ తలెత్తలేదు. తర్వాత ఎన్నో ఊళ్ళు మారాం, ఆ ఊరి పేరు మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అమ్మ నాచేత రోజూ ఒక పేజీ తెలుగు రాయించేది, మర్చిపోతానని. ఇవాళ ఇది రాయగలుగుతున్నానంటే ఆ పేజీల చలవే. వాటిల్లో ఏదో ఒక పేజీలో ఈ ముక్క రాసి ఆమెకి చూపించి ఉండాల్సింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ యాభై ఏళ్ళు గడిపేశాను. చివరి రోజుల్లో ఆస్పత్రి మంచంమీద నా చెయ్యి పట్టుకుని, "ఆ మదాం నన్ను క్షమించి ఉంటుందా?" అని అడిగింది. "ఉంటుందిలే అమ్మా, పడుకో" అన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. నాలాంటి పిరికిదాన్ని కన్నందుకు ఆమెకి దక్కింది అదీ.

కుంచె దొరికిన వారానికి నీనాని డ్రైవ్ చేయమన్నాను. ఫ్రిస్కో నుంచి పదకొండు గంటలు. దారిలో దానికి మొత్తం చెప్పాను. అది రోడ్డుమీంచి కళ్ళు తిప్పకుండా, "నువ్వు కిడ్ కదా అమ్మా" అంది. అది మంచి పిల్ల, అలాగే అంటుంది. ఊరు నిలబడే ఉంది గానీ అద్దాల బీరువాలో పెట్టినట్టుంది. మేమున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, టికెట్ కొనుక్కుని వెళ్ళాలి. అమ్మ అరచెయ్యి ఆనించిన గోడ ముందు తాడు కట్టారు, ముట్టుకోవద్దని బోర్డు. గైడు కుర్రపిల్ల చక్కగా చెప్పింది, మదాం ఎన్నడూ చెప్పనివి కూడా చెప్పింది. ఆ పొలాలు దున్నింది, ఆ దుంగలు నరికింది బానిసలుగా తెచ్చిన మనుషులని, ఆస్తి పత్రాల్లో గుర్రాల తర్వాత రాసిన వాళ్ళ పేర్లు ఏరి గోడమీద పెట్టామని. వెనక మూల గడ్డినేలలో ఉన్నది వాళ్ళేనని. ఆ పేర్లు ఒకటొకటే చదివాను. మా రోజుల్లో ఆ ఇంట్లో కాఫీ వాసన ఉండేది, ఈ పేర్లు లేవు. ఇప్పుడు పేర్లున్నాయి, కాఫీ వాసన లేదు. రెండూ ఒక్క ఇంట్లో ఉండగా చూసే రాత నాకు లేదు.

గుడి వెనక దొడ్డికి వెళ్ళేసరికి పదకొండయింది. నవంబరు ఒకటి. ఒకావిడ, దాదాపు నా వయసుది, చిన్న స్టూలు వేసుకుని కూచుని ఉంది. పక్కన బకెట్టు. ఆవిడ ముందు రెండు రాళ్ళు, ఒకటి సున్నం ఆరి తెల్లగా, రెండోది ఇంకా తడి తడిగా ఉన్నాయి. ఆరింది ఎత్యెన్ రాయి. దానిమీద నల్లరంగుతో పేరు రాసి ఉంది, పూర్తి పేరు, నా వేలికి తెలిసిన పేరు. నేను అక్కడే నిలబడిపోయాను. ఎవరు కావాలని ఆవిడ అడిగింది. పేరు మారీ అట, మదాం చెల్లెలి మనవరాలు. "కమిటీ వాళ్ళు ఏటా గొడవ చేస్తారు, పాతరాళ్ళకి ఏమీ పూయకూడదని. మా ఓడీల్ ఆంటీ మాట, నేను తప్పను" అని నవ్వింది. వాళ్ళింట్లో ఒక ఇండియన్ నర్సు ఉండేదట. ఆమె దేశంలో ఏటా సున్నం వేసి పైన నల్లగా పేరు దిద్దుతారని వసారాలో కూచుని చెప్పిందట. మర్నాటి ఏడు నుంచి ఆంటీ అదే మొదలుపెట్టిందట. "మరి పేరు చెరిగిపోయింది కదా?" అన్నాను. మారీ వింతగా చూసింది. "పేరెక్కడికి పోతుంది? ఆంటీకి అది జపమాలలా నోటికొచ్చు. చెరిగిపోయిందని ఆమె ఎప్పుడూ బాధపడలేదు. ఆ నర్సు రాలేదనే బాధ. ప్రతి నవంబరూ బకెట్టు కలిపి, రోజలీన్ వస్తుందేమో కాసేపు ఆగుదాం అనేది. కళ్ళు పూర్తిగా పోయాక కూడా అనేది" అంది. ఆ నర్సు కూతుర్నని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఉత్త రాయని చెప్పింది నేనేనని కూడా చెప్పాను. మారీ లేచి స్టూలు నా వైపు జరిపింది. తడిగా ఉన్న రెండో రాయి మదాం ఓడీల్‌ది, దానికి ఒక పూతే అయింది, అడ్డపూత మిగిలి ఉంది. సంచీలోంచి అమ్మ కుంచె తీసి నీళ్ళలో నానబెట్టాను. గడ్డకట్టిన నార విచ్చుకోవడానికి పావుగంట పట్టింది.

మర్నాడు సాయంత్రానికి ఫ్రిస్కో చేరాం. అమ్మ ఉన్న సెమెటరీలో రాళ్ళు నిలబెట్టనివ్వరు. గడ్డి కోసే బండికి అడ్డం రాకుండా నేలకి సమానంగా ఒక ఇత్తడి పలక, అంతే. సున్నం వేయడానికి చోటు లేదు. మారీ సీసాలో పోసిచ్చిన సున్నంలో కుంచె ముంచి, పలక చుట్టూ గడ్డిమీద ఒక గీత గీశాను, అక్షరాలమీద పడకుండా, మెల్లగా. బుధవారం బండి వచ్చి అది కోసేస్తుంది, తెలుసు. నీనా కారు దగ్గర ఆగింది. నేను మోకాళ్ళమీద కూచుని, ఇత్తడిమీద ఆమె పేరు ఎడమనుంచి కుడికి వేలితో చదివాను.

"రాతలున్నాయమ్మా" అన్నాను. "నాకు తెలుసు."